కోసిగి కట్టల మీద నొక్కిన ఎంటర్

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ లైబ్రరీ వాడాలని. రెండో ప్రశ్న ఎంత వేగంగా నడుస్తుందని. రెండింటికీ జవాబు చెప్పడం తేలికే. మూడోది ఎవరూ అడగరు. అదేమిటో నాకే చాలా ఆలస్యంగా తెలిసింది కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ప్రమోషన్లు, జీతాలు, సన్మానాల సంగతి ఇందులో ఉండదు. డైరీల్లో వాటికి నేను పెద్దగా చోటివ్వలేదు.

పని ఏమిటంటే

కర్నూలులో ఒక చిన్న డేటా ఎంట్రీ సంస్థలో చివరి పదిహేనేళ్లు పనిచేశాను. కంప్యూటరు తన కీబోర్డును తానే నొక్కుకునేలా, తన మౌసును తానే కదుపుకునేలా ప్రోగ్రాములు రాయడం నా పని. ఇది విన్నవాళ్లు చాలామంది నవ్వేవారు. ఒక సాఫ్ట్‌వేరు నుంచి ఇంకో సాఫ్ట్‌వేరుకు సమాచారం పంపడానికి రాజమార్గాలు ఉన్నాయి కదా, మీటలు నొక్కడమెందుకని అడిగేవారు. మా జిల్లాల్లో ఆఫీసుల్లో ఉన్న పాత సాఫ్ట్‌వేర్లకు ఆ మార్గాలు లేవు. రాసినవాళ్లు ఎటుపోయారో తెలియదు. లోపలికి వెళ్లడానికి ఉన్నది ఒకటే తలుపు: తెర ముందు మనిషి కూర్చుని ఒక్కొక్క గడి నింపడం. మేము ఆ మనిషిలా నటించే ప్రోగ్రాము రాసేవాళ్లం.

దీనికి ఒక లైబ్రరీ, అంటే ఎవరో ముందే సి భాషలో రాసిపెట్టిన కోడు, వాడేవాణ్ణి. బాణం గుర్తును ఇక్కడ పెట్టు, ఎడమ మీట నొక్కు, ఈ అక్షరం కొట్టు, తెర మీద ఈ చుక్క ఏ రంగులో ఉందో చెప్పు. దానికి తెలిసినవి అంతే. మనం చెప్పినదాన్ని అది నేరుగా విండోసుకు అందిస్తుంది. ఆ మీటను వేలు నొక్కిందో, ప్రోగ్రాము నొక్కిందో తెరమీది సాఫ్ట్‌వేరు పట్టించుకోదు. ఈ పనిలోని బలమంతా అదే. ప్రమాదమంతా కూడా అదే.

తెలుగు అక్షరాలను మీటల ద్వారా పంపబోతే ఒత్తులు ఎగిరిపోయేవి. మాటను కాపీ చేసి అతికించడమే మేలని నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. తెర మీద అక్షరాల సైజు ఎవరైనా పెంచితే గడులన్నీ జరిగిపోయి, ఊరి పేరు వెళ్లి వయసు గడిలో కూర్చునేది. ఇలాంటివి మీకూ జరుగుతాయి. వాటికి భయపడనక్కర లేదు. తప్పు తెర మీద కనిపిస్తే అది మంచి తప్పు.

మంగంపేటలో మౌసు

తొలిరోజుల్లో మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర ఒక పొడి మిల్లుకు ప్రోగ్రాము రాశాను. కాటా దగ్గర లారీ తూకం ఒక సాఫ్ట్‌వేరులో పడుతుంది. దాన్ని ఇంకో సాఫ్ట్‌వేరులోకి ఎక్కించి పాసు తీయాలి. ఆఫీసులో బాగా నడిచిన ప్రోగ్రాము అక్కడికి వెళ్లగానే, పాసు తీయాల్సిన చోట రద్దు మీట నొక్కడం మొదలుపెట్టింది. అన్నిసార్లూ కాదు, అప్పుడప్పుడు. లారీలు రోడ్డు దాకా నిలిచిపోయాయి. నేను కోడు ముందేసుకుని రెండు రోజులు కూర్చున్నాను. కాటా గుమాస్తా మస్తాన్ ఆ రెండు రోజులూ నన్నే చూశాడు. తనంతట తానే మీటలు నొక్కే నా ప్రోగ్రామును అతను దయ్యమనేవాడు.

"సార్, మీ దయ్యం లారీ కదిలినప్పుడల్లా ఉలిక్కిపడతాండాది," అన్నాడు మూడో రోజు పొద్దున.

నిజమే. టేబుల్ మీద, మౌసు కింద, అంతటా తెల్లటి పొడి. బరువు లారీ కాటా దిగితే టేబుల్ వణికేది. మౌసు పొడి మీద వెంట్రుకవాసి జరిగేది. నా ప్రోగ్రాము బాణాన్ని సరైన చోట పెట్టి, మీట నొక్కే లోపల అది పక్క మీట మీదికి జారిపోయేది.

"ఇప్పుడేం చేద్దామంటావు మస్తాన్?"

"ఏం చేసేది సార్, మౌసు వైరు పీకేస్తే పోలా? నొక్కేది దయ్యమే గదా, దానికి మౌసేంటికి?"

పీకేశాం. ఆ తరవాత ఒక్క పాసూ రద్దు కాలేదు. ఆ రోజు డైరీలో, నొక్కే ముందు బాణం ఎక్కడుందో మళ్లీ చూసుకునేలా ప్రోగ్రాము మార్చానని రాసుకున్నాను. దాని కింద, పక్కన కూర్చునే మనిషిని మొదటి రోజే అడగాలి అని కూడా రాశాను. రెండో వాక్యమే ముఖ్యమైనది. దాన్నే నేను సరిగ్గా పాటించలేదు.

మూడు రోజులు ఎస్తేరు పక్కన

మా సంస్థ యజమాని ఓబుళరెడ్డి నా ఈడువాడు. సేద్యం తమ్ముడికి అప్పజెప్పి టౌనుకొచ్చి ఈ వ్యాపారం పెట్టాడు. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. ఒకసారి ఆయనకు గ్రామాల కుటుంబ ఆరోగ్య రిజిస్టరును కంప్యూటరుకెక్కించే పని దొరికింది. ఊళ్లలో కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపిన కాగితాలు కట్టలు కట్టలుగా మా దగ్గరికొచ్చేవి. వాటిని పాత సాఫ్ట్‌వేరులో ఎక్కించాలి. బీపీకి, చక్కెరజబ్బుకు, మూర్ఛకు మాత్రలు వాడేవాళ్లకు ఆరోగ్య కేంద్రంలో ఆ రిజిస్టరు చూసే మాత్రలిస్తారు. అందులో పేరు లేకపోతే మాత్రలు లేవు.

ఆరుగురు ఆపరేటర్లు చేస్తున్నా పని తెమల్లేదు. సాఫ్ట్‌వేరు ప్రతి పేజీకీ ఆలోచిస్తూ కూర్చునేది. కాగితాలను ఇద్దరు ఎక్సెల్‌లో గబగబా కొట్టేస్తే, అక్కడి నుంచి నా ప్రోగ్రాము తీసుకుని సాఫ్ట్‌వేరులో నింపేలా చేద్దామన్నాను. ఓబుళరెడ్డి సంతోషపడ్డాడు.

ప్రోగ్రాము రాసే ముందు ఆపరేటర్లందరిలోకీ నిదానస్తురాలైన ఎస్తేరు పక్కన మూడు రోజులు కూర్చున్నాను. నలభై దాటిన మనిషి. తండ్రి చర్చిలో రిజిస్టరు రాసేవాడట. కాగితం పట్టుకోవడంలో ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ముందు కాగితం మొత్తం, అంచులతో సహా, ఒకసారి చూసేది. తరవాతే వేళ్లు కదిలేవి. ఆమె నొక్కిన ప్రతి మీటనూ నేను డైరీలో రాసుకున్నాను. ట్యాబు, ట్యాబు, పేరు, ట్యాబు, వయసు. తాళం వేసిన ఇల్లైతే తెర మీద ఒక పెట్టె తెరుచుకునేది: 'ఈ కుటుంబం ఊరు వదిలి వెళ్లిందా?' దాని కింద మూడు మీటలు. అవును, తెలియదు, తాత్కాలికం. ఎంటర్ నొక్కితే మొదటిది పడుతుంది. ఆ మూడు రోజుల్లో పెట్టె ఏడెనిమిది సార్లు వచ్చింది. ప్రతిసారీ ఆమె ఎంటరే నొక్కింది. 'పెట్టె వస్తే ఎంటర్' అని రాసుకున్నాను.

లేస్తుంటే ఆమె అంది, "సార్, ఇవి కాలువ కింద ఊర్లు. ఈడ తాళమేసినారంటే టౌనుకు కాపురం మార్చినట్టే. కోసిగి కట్టలొచ్చినప్పుడు మటుకు నన్ను ఒకతూరి అడగండి."

"అడుగుతానమ్మా," అన్నాను. అది కూడా డైరీలో రాసుకున్నాను.

కట్టలు వచ్చాయి

ప్రోగ్రాము చక్కగా నడిచింది. ఆరుగురు నెల రోజుల్లో చేసేది వారంలో అయిపోయింది. ఓబుళరెడ్డి వచ్చినవాళ్లందరికీ నా గది చూపించేవాడు. మనిషి లేని కుర్చీ ముందు తెర మీద పేర్లు వాటంతట అవే పడుతుంటే వాళ్లు నోళ్లు తెరిచి చూసేవారు. నాకూ బాగానే ఉండేది, దాచుకోవడమెందుకు? ముగ్గురు ఆపరేటర్లను పంపించేశారు. ఎక్సెల్ కొట్టడానికి ఇద్దరు మిగిలారు. అనుమానాలు తీర్చడానికి ఎస్తేరును జనవరి నెలాఖరు దాకా ఉండమన్నారు.

డిసెంబరులో కోసిగి కట్టలు వచ్చాయి. నేను ఆమెను అడగలేదు. మరిచిపోయానని అంటే అబద్ధమవుతుంది. అడగాల్సిన అవసరం తోచలేదు, అంతే. అన్ని కట్టల్లాగే అవీ ఎక్సెల్‌లోకి వెళ్లాయి, అక్కడి నుంచి ప్రోగ్రాములోకి వెళ్లాయి. పెట్టె వచ్చింది, ప్రోగ్రాము ఎంటర్ నొక్కింది. మళ్లీ వచ్చింది, మళ్లీ నొక్కింది. ఆ మండలంలో అంతమంది ఊరు వదిలారని తెర చెబుతుంటే, చూస్తూ కూడా నేను ఉలిక్కిపడలేదు. మస్తాన్ చెప్పిన దయ్యానికున్నపాటి ఉలికిపాటు కూడా నాకు లేకపోయింది.

కర్నూలు పడమటి మండలాలు తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కోసిగి వైపు వానలు తప్పితే జనం ఇంటికి తాళం వేసి పనులకు పోతారు. గుంటూరు మిరప కోతకు కొందరు, బెంగళూరు కట్టడాలకు కొందరు. దాన్ని సుగ్గి అంటారు. వేసవికో, తొలకరికో తిరిగొస్తారు. మధ్యలో ఒకరిద్దరు వచ్చి ముసలివాళ్లను చూసుకుని, మందులు తీసుకుని పోతుంటారు. అక్కడి కార్యకర్తలకిది తెలుసు. కాగితంలో 'సుగ్గి' అని రాయడానికి గడి లేదు. అందుకని తాళం వేసిన ఇంటి కాగితం మీద, పైన కుడి మూలలో, పెన్సిలుతో 'సుగ్గి' అనో, ఉత్త 'సు' అనో రాసి పంపేవారు. ఎస్తేరు అది చూసి మూడో మీట నొక్కేది. ఎవరూ ఆమెకు నేర్పలేదు, ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. ఎక్సెల్ కొట్టే ఇద్దరికీ గడుల్లో ఉన్నది కొట్టమని చెప్పింది నేనే. మూలలో ఉన్నది గడి కాదు.

ఆరు మాత్రలు

జనవరిలో ఒక సోమవారం ఎస్తేరు ఫోను పట్టుకుని నా గదిలోకి వచ్చింది. కాగితాల్లో అనుమానాలొస్తే ఆమె ఊళ్లలోని నర్సులకు ఫోను చేసేది కాబట్టి వాళ్ల దగ్గర ఆమె నంబరు ఉండేది.

"సార్, కోసిగి నర్సు. ఈరమ్మ అని మూర్ఛ మాత్రలు మింగే ఆయమ్మ. సుగ్గి నుంచి మందుల కోసరమే ఒక్కతే వచ్చిందంట. చూస్తే కంప్యూటర్‌లో ఊరిడిసిపోయినట్టు ఉండాదంట."

"మాత్రలు ఇవ్వలేదా?"

"పేరు లేకుంటే ఇచ్చేకి లేదు గదా సార్. యాడనో మిగిలినవి ఆరు మాత్రలిచ్చిందంట. పూటకొకటి, దినానికి రెండు. మూడు దినాలకొస్తాయి." ఫోను దించి అంది, "మీరు నన్ను అడగలేదు సార్."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది.

మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి ఆపకూడదు. ఆపితే ఫిట్సు ముందుకన్నా గట్టిగా వస్తాయని నర్సు చెప్పింది. మూసేసిన కుటుంబాన్ని సాఫ్ట్‌వేరులో మళ్లీ తెరవడానికి రెండు దారులు ఉన్నాయి. ఇంటిపెద్ద సంతకంతో కొత్త సర్వే ఒకటి. ఈరమ్మ మొగుడు గుంటూరు దగ్గర మిరపచేలో ఉన్నాడు. రెండోది, తప్పు నమోదు చేసినవాళ్లదేనని రాసిచ్చి, అసలు కాగితాలు జతచేసి ఆరోగ్య శాఖ అధికారికి ఇవ్వడం.

ఆ పూటే ఎస్తేరూ నేనూ కట్టలు విప్పాం. పెన్సిలు రాతలు కొన్ని చెరిగిపోయాయి. కాగితాన్ని కిటికీ వైపు ఏటవాలుగా పట్టుకుంటేగాని పెన్సిలు ఒత్తిన గుర్తు కనిపించేది కాదు. ఈరమ్మ కాగితం మూడో కట్టలో దొరికింది. మూలలో స్పష్టంగా, 'సుగ్గి, మిరప' అని ఉంది. దాన్ని పక్కన పెట్టి ఆగిపోవచ్చు. ఎస్తేరు ఆగలేదు. మరునాటి మధ్యాహ్నానికి అలాంటి కాగితాలు నూట పద్నాలుగు తేలాయి. వాటిలో మాత్రలు వాడేవాళ్లున్న ఇళ్లు ఇరవై మూడు.

ఓబుళరెడ్డి గదిలో

నేను రాసిన లేఖ చదివి ఆయన కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"ఏమప్పా, మన మెడకు మనమే ఉరి పోసుకోవల్లనా? వచ్చే నెల కాంట్రాక్టు మళ్ల రాసుకునేది ఉండాది. నూట పద్నాలుగు తప్పులని మనమే రాసిస్తే ఇంక మనకిస్తారా?"

"ఇవ్వకపోవచ్చు."

"ఆ ఒక్క ఈరమ్మది రాసియ్యి. మిగతావి ఎవరన్నా అడిగినప్పుడు చూస్తాం."

"అడిగేవాళ్లు మిరపచేలల్లో ఉన్నారు రెడ్డీ. వాళ్లు వచ్చి అడిగేటప్పటికి మాత్రలు అయిపోయి ఉంటాయి."

"నీ మిషనే గదా తీసేసింది? దానితోనే మళ్ల పెట్టించు."

"దానికి కాగితం మూల కనపడదు. అందుకే ఇంత దూరం వచ్చింది."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని కట్టలో పైనున్న కాగితం మూల చూశాడు. తరవాత, "ఆయమ్మకు ఇంకెన్ని మాత్రలు ఉండాయి?" అని అడిగాడు.

"ఈ రాత్రిది మింగితే రెండు."

"రెండా!" లేఖను నా వైపు తోశాడు. "పో, ఇచ్చిరాపో. కింద నీ సంతకమొకటే పెట్టినావు. నాదీ పెట్టల్ల గదా, కంపెనీ నీ ఒక్కనిదా?"

పై అధికారుల గురించి నా డైరీల్లో కఠినమైన మాటలు చాలా ఉన్నాయి. ఓబుళరెడ్డి గురించీ ఉన్నాయి. వాటి సరసనే ఇదీ ఉంది.

ఆ సాయంత్రమే అధికారి అనుమతిచ్చాడు, నేను ఆయన చేత మాటలు పడ్డాక. ఎస్తేరు మందులున్న ఇరవై మూడు ఇళ్లనూ ముందు తెరిచింది. నేను చదివాను, ఆమె నొక్కింది. ప్రోగ్రామును ఆ రోజు అసలు తెరవలేదు.

కోసిగి

మరునాడు పొద్దున్నే బస్సెక్కాను. వెళ్లాల్సిన అవసరం లేదు. కానీ పేరు తెర మీదికి రావడమూ మాత్రలు చేతిలో పడటమూ ఒకటేనని నమ్మే స్థితిలో నేను లేను.

ఆరోగ్య కేంద్రం వరండాలో ఈరమ్మ కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి. మిరప కోసి కోసి వేళ్ల కొసలు పొట్టు లేచి ఉన్నాయి. నుదుటి మీద పాత కాలిన మచ్చ. ఎప్పుడో పొయ్యి దగ్గర ఫిట్సు వచ్చి పడిందట. నర్సు కంప్యూటరులో చూసి, పేరు ఉందని చెప్పి, రెండు నెలల మాత్రలు సంచిలో వేసి ఇచ్చింది. మిగిలిన రెండింటిలో పొద్దున మింగాల్సిన మాత్రను మింగాలో, సగం చేసి దాచుకోవాలో తెలియక అప్పటిదాకా కొంగున ముడేసుకుని కూర్చుందట. ముడి విప్పి ఒకటి అక్కడే మింగింది.

నేనెవరో నర్సు చెప్పింది.

"నేను ఊరిడిసిపోయినానని రాసింది ఎవురు నాయనా?" అని అడిగింది ఈరమ్మ.

మిషను అని చెప్పడానికి నోటిదాకా వచ్చింది. "నేనేనమ్మా," అన్నాను.

"నువ్వు మా ఊరికి ఎప్పుడన్నా వచ్చినావా?"

"రాలేదమ్మా. ఇదే మొదలు."

"మరి నీకెట్ల తెలుస్తాది లే," అంది. నన్ను దెప్పిందో, ఊరడించిందో ఇప్పటికీ తేల్చుకోలేదు. సంచి చంకన పెట్టుకుని లేచింది. "మళ్ల రేపు పొద్దున సుగ్గికి పోతాండా. తాళమేసే పోవల్ల. ఈ తూరి మళ్ల తీసేస్తారా?"

"లేదమ్మా. ఇకమీద ఆ ప్రశ్న వస్తే మిషను నొక్కదు. ఆగి అడుగుతుంది."

"ఎవుర్ని అడుగుతాది?"

మొదట్లో చెప్పిన మూడో ప్రశ్న ఇదే. ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్నెవరూ అడగలేదు. బస్సులో డైరీలో నేను రాసుకున్న జవాబు, కంప్యూటరు ముందున్న మనిషిని, అని. ఆ కుర్చీలో ఎవరుంటారో నాకు తెలియదు. నెలాఖరు తరవాత ఎవరూ ఉండకపోవచ్చు కూడా.

"ఎస్తేరని ఒకామె ఉంది. ఆమెను అడుగుతుంది," అన్నాను. ఉంటుందో లేదో తెలియకుండానే మాటిచ్చాను.

మరునాడు పెట్టె వస్తే ఆగేలా ప్రోగ్రాము మార్చి, ఓబుళరెడ్డికి అదే చెప్పాను. ఎస్తేరును పంపిస్తే ఆగిన ప్రోగ్రాము ఆగే ఉంటుందని, ఎంటర్ నొక్కే వరస మళ్లీ రాయడం నావల్ల కాదని చెప్పాను.

"పని ఆపేదానికా అప్పా నీకు నేను మిషను చేయమనింది?" అని అరిచాడు. ఎస్తేరును గదిలోకి పిలిచి, "ఏమ్మా, ఈ సారుకు నువ్వు లేకుంటే చెయ్యాడదంట. ఒకటో తేదీ వస్తావా?" అన్నాడు.

"వస్తా సార్. కాగితాలు మాత్రం ముందు నా టేబుల్ మీదికే రావల్ల," అంది.

కాంట్రాక్టు సగమే మళ్లీ దక్కింది. ప్రోగ్రాము మునుపటంత వేగంగా నడవలేదు. చూడటానికి వచ్చిన అతిథులకు ఓబుళరెడ్డి ఇక నా గది చూపించలేదు. ఒకటో తేదీ పదకొండు గంటలకు పెట్టె తెరుచుకుంది. ప్రోగ్రాము ఆగి గంట కొట్టింది. ఎస్తేరు కాగితం తీసి మూల చూసింది. ఏమీ లేదు. మీట నొక్కకుండా ఆ ఊరి నర్సుకు ఫోను చేసి, ఇంటివాళ్ల గురించి, వాళ్ల ముసలామె గురించి, వానల గురించి పది నిమిషాలు మాట్లాడింది. అంతసేపూ తెర మీద ఆ ప్రశ్న అలాగే ఉంది. నేను చేతులు కట్టుకుని ఆమె వెనక నిలబడ్డాను. ఆమె ఫోను పెట్టేసి, మూడో మీట నొక్కింది.